మందక్క గంధకం పట్టించిన సంగతి

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. మందక్కను అత్తగారు ఏనాడూ కొట్టలేదు. తోడికోడలు కూడా పాపం మొహం ఎదుట ఎప్పుడూ నవ్వలేదు. అయినా మందక్క ఏడుస్తూనే ఉండేది. కళ్ళనీళ్ళు పెట్టుకునే ఏడుపు కాదు లెండి, ఎదుటివాళ్ళు బాగుపడుతుంటే చూడలేక లోపల్లోపల ఏడ్చే ఏడుపు. ఆ ఏడుపుకు కన్ను తడవదు, కడుపు మాత్రం కాలుతుంది.

ఆవిడ అసలు పేరు ఇంట్లో వాళ్ళకే సరిగా గుర్తులేదు. గొర్రెల మంద వెనక తిరిగి తిరిగి మందక్క అయిపోయింది. ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చిన కొత్తలోనే ఒక గొర్రె ఈనలేక కొట్టుకుంటుంటే, మగవాళ్ళు తలుపు దగ్గర నిలబడి తర్జనభర్జనలు పడుతుంటే, చేతుల దాకా నూనె రాసుకుని అడ్డం తిరిగిన పిల్లను బయటికి లాగింది. ఆ రోజు నుంచి కొట్టం ఆవిడ రాజ్యం. గొర్రె వీపు మీద అరచెయ్యి పెట్టి, ఇది తింటోందా, తిన్నది ఒంటికి పడుతోందా చెప్పేసేది. వంటింట్లో ఉండి కొట్టంలో దగ్గు వినిపిస్తే ఏ గొర్రె దగ్గిందో చెప్పేది. చుట్టుపక్కల ఎవరి గొర్రెకు నలతగా ఉన్నా ముందు మందక్క దగ్గరికే వచ్చేవారు. ఆవిడ సలహాతో పాటు నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపేది. రెండూ ఉచితమే.

మామగారు పోయాక అన్నదమ్ములు విడిపడ్డారు. గొడవేమీ లేదు. కొట్టానికి మధ్యలో ఇటుక గోడ లేచింది, గొర్రెలు అటు సగం ఇటు సగం అయ్యాయి. బావి పెద్దవాళ్ళ వాటాకు వచ్చింది. రేకుల కప్పు మీద పడ్డ వాన నీళ్ళు పట్టుకునే సిమెంటు తొట్టి చిన్నవాళ్ళకు పోయింది. మందక్క లోపల పొంగిపోయింది. బావి నీళ్ళు కాస్త చేదుగా ఉంటే ఉండనీ, ఎండాకాలంలో కూడా ఎండని బావి. "మనకు భూమి ఇస్తుంది, వాళ్ళకు మబ్బు ఇవ్వాలి. ఎవరిది పైచెయ్యో చూద్దాం" అంది మొగుడితో. ఆయన ఉలకలేదు, పలకలేదు. ఆయన మాటలు పోగుచేస్తే ఏడాదికి ఒక దోసిలి నిండదు.

చిన్నకోడలు దర్జీ కూతురు. గుడ్డముక్కల మధ్య పుట్టి, కుట్టుమిషన్ చప్పుడు వింటూ పెరిగింది. కొట్టంలోకి వచ్చిన మొదటి రోజు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోలేదు, అది ఒక్కటే ఆమె చేసిన తెలివైన పని. ఆ తర్వాత నోరు తెరిచి, "అక్కా, వీటిలో మగవి ఏవి?" అని అడిగింది. ఇంకేం, మందక్క ఆ మాటను వీధి వీధంతా పంచిపెట్టింది. పాలవాడికి చెప్పింది, పక్కింటివాళ్ళకు చెప్పింది, ఉన్ని కొనడానికి వచ్చే వర్తకుడికి రెండుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేది.

అలా నవ్విన నాపచేనే పండింది. రెండు మూడేళ్ళు గడిచేసరికి గోడ అవతలి గొర్రెలు నునుపు తేలాయి. ఉన్ని ఒత్తుగా, మెత్తగా, చెయ్యి పెడితే మునిగిపోయేలా వచ్చింది. ఉన్ని వర్తకుడు ఏళ్ళ తరబడి ముందు మందక్క గుమ్మం తొక్కి ఆ తర్వాతే ఇంకెక్కడికైనా వెళ్ళేవాడు. ఆ ఏడు నేరుగా చిన్నవాళ్ళ గేటు తీశాడు. అక్కడ ఉన్నిని వేళ్ళ మధ్య నలిపి, "ఇది కదమ్మా సరుకంటే" అన్నాడు. గోడ ఇవతల మందక్క ఆ మాట స్పష్టంగా విన్నది. ఆ తర్వాత ఈ వైపు వచ్చి ఆవిడ ఉన్నిని కూడా నలిపి చూశాడు గానీ, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అక్కడితో ఆగిందా? అత్తగారు తన మంచం చిన్నకోడలి వైపు వేయించుకుంది. "అటు గాలి బాగుందే" అంది. ఒకే కప్పు కింద, ఒకే గోడకు అటూ ఇటూ, గాలి మాత్రం అటే బాగుందట. మందక్క కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఎంత పోసుకుందంటే, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పడుకుంటే గోడ అవతల గొర్రెలు నెమరువేసే చప్పుడు వినిపించేది, అవి తన ఆయుష్షునే నములుతున్నట్టు అనిపించేది. చిన్నప్పటి నుంచి గొర్రె పాలతో, గొర్రె వాసనతో బతికిన తను ఎక్కడ, మగ గొర్రెను ఆడ గొర్రెను పోల్చుకోలేని దర్జీ పిల్ల ఎక్కడ?

గోడలో ఒకచోట ఇటుక ఊడింది. అటువైపు నుంచి ఎవరో చిన్న గుడ్డముక్క కుక్కారు. మందక్క పుల్లతో ఆ గుడ్డను పక్కకు నెట్టి చూసేది. అడిగితే సరిపోయేదానికి ఇంత అవస్థ దేనికి అంటారేమో. అడగడమా? మందక్క అడగడమా? నాలుక తెగినా అడగదు. అందుకని గుడ్డముక్క సందులోంచి చూసేది. ఆ సందులో గొర్రె తోక తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు మాత్రం నేల మీద పసుప్పచ్చటి పొడి కనిపించింది. ఘాటైన వాసన కూడా తగిలింది.

ఆ సాయంత్రం అత్తగారు ఈ వైపు వచ్చినప్పుడు మందక్క గింజల్లో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా కదిపింది.

"ఏం చేస్తోందత్తయ్యా ఆ అమ్మాయి? గొర్రెలు అంత నిగనిగలాడుతున్నాయి."

"ఏమోనే. గంధకం పట్టించిందట. దాణా కొట్టాయన చెప్పాడట."

"గంధకమా? ఎంత?"

"ఒక్కోదానికి గుప్పెడు అంది కాబోలు. మంచం మీద కూర్చునేదాన్ని, నాకేం తెలుసు."

చూశారా, కొంప ముంచింది ఇదిగో ఈ మాటే. పట్టించడం అంటే మందక్క కొట్టంలో ఒకటే అర్థం. గొర్రె మూతి పైకెత్తి, పెదవి మూల బొటనవేలు దూర్చి, సీసాతో మందు గొంతులోకి పోయడం. తల్లి లేని పిల్లకు పాలు పట్టించడం, కడుపు ఉబ్బిన గొర్రెకు నూనె పట్టించడం. దర్జీ ఇంట్లో పట్టించడం అంటే వేరు. కుట్టుమిషన్‌కు నూనె పట్టిస్తారు, జుట్టుకు నూనె పట్టిస్తారు, ఒంటికి మందు పట్టిస్తారు. చలికాలంలో తన గొర్రెలకు గజ్జి తగిలితే చిన్నకోడలు గంధకం పొడిని నూనెలో కలిపి చర్మానికి రుద్దింది. ఆ రుద్దడాన్నే పట్టించడం అంది. అత్తగారు విన్న మాటను విన్నట్టే మోసుకొచ్చింది. మాట ఒక్కటే, ఒకచోట ఒంటి మీదికి పోయింది, ఇంకోచోట కడుపులోకి పోయింది.

గంధకం గజ్జికి పైన రాస్తారని మందక్కకు తెలియదా? తెలుసు. ఎవరైనా వచ్చి అడిగి ఉంటే, "లోపలికి పెడతావా, బుద్ధుందా" అని చీవాట్లు పెట్టి ఉండేది కూడా. కానీ కుళ్ళు చేరిన చోట తెలివి నిలవదు. 'ఓహో, అదా రహస్యం. పైన రాస్తే గజ్జి పోతుంది, లోపలికి పట్టిస్తే ఉన్ని వస్తుందన్నమాట. ఇన్నాళ్ళూ ఎవరూ నాకు చెప్పలేదు' అనుకుంది. ఎవరికీ తెలియకూడదని ఊరి రెండో చివర ఉన్న కొట్టుకు నడిచి వెళ్ళి, పసుప్పచ్చటి పొడి సంచి మోసుకొచ్చింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని లోకం అంటుంది. ఇక్కడ పులి వాత కూడా పెట్టుకోలేదు.

ఎండు పొడి గొంతులో పొయ్యలేక తవుడులో కలిపింది. వాసన తెలియకుండా పైన బెల్లపు మడ్డి పోసింది. ఆ పిల్ల గుప్పెడు పెడితే నేను రెండు గుప్పెళ్ళు పెడతాను, నా గొర్రెలకేం తక్కువ అనుకుంది. పొద్దున పెట్టింది, సాయంత్రం పెట్టింది, ఆ పైన చేదుబావి నీళ్ళు తొట్టి నిండా తోడింది.

మందకు ముందు నడిచేది నల్లచెవి. తెల్లటి ఒళ్ళు, ఒక్క చెవి మాత్రం మసి పూసినట్టు నల్లగా ఉండేది. దాని తల్లి ఈని చచ్చిపోతే మందక్క వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకుని సీసా పాలతో పెంచింది. సీసా అందకపోతే ఆవిడ బొటనవేలు చప్పరించేది. పిల్లల్లేని మందక్కకు అది ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు. ఆ నల్లచెవి తొట్టి దగ్గరికి వచ్చి, వాసన చూసి, మూతి తిప్పుకుంది. మిగతావి కూడా దాన్ని చూసి వెనక్కి తగ్గాయి. మందక్క తవుడు చేతిలోకి తీసుకుని దాని మూతి దగ్గర పెట్టింది. "తిను తల్లీ, నీ మంచికే" అంది. అది ఆవిడ మొహంలోకి చూసి తిన్నది. అది తింటే మంద అంతా తిన్నది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. కసాయివాడు నయం, వాడి చేతిలో కత్తయినా కనిపిస్తుంది.

వారం తిరక్కముందే గొర్రెలు తిండి తగ్గించాయి. పెంటికలు పల్చబడ్డాయి. గొర్రె కడుపు సంగతి పోల్చుకోవడంలో ఆరితేరిన మందక్కే, "కొత్త మందు కదా, ఒంటికి అలవాటు పడాలి" అని తనకు తనే సర్దిచెప్పుకుంది. రోజుకు రెండుసార్లు వెళ్ళి ఉన్ని పట్టి చూసేది. మెత్తబడింది అనుకునేది. ఏం మెత్తబడలేదు.

ఒక పొద్దున తలుపు తీసేసరికి నల్లచెవి మందలో లేదు. మూల నిలబడి, నడిమి గోడకు నుదురు ఆనించి, గోడను తోసేస్తున్నట్టు నెడుతోంది. నాలుగు కాళ్ళూ బిగబట్టి మరీ నెడుతోంది. గోడ అవతల చిన్నకోడలు తన గొర్రెలతో ఏదో మాట్లాడుతోంది, ఆ గొంతు వినిపిస్తోంది. మందక్కకు ఒళ్ళంతా భగ్గుమంది. రోగం అనుకోవాలి కదా ఎవరైనా? ఆవిడ అలా అనుకోలేదు.

"నువ్వు కూడా అటే పోతావా? వర్తకుడు పోయాడు, అత్తగారు పోయింది, ఇక నువ్వా?" అంది.

మెడ పట్టుకుని ఇటు తిప్పింది. వదలగానే అది మళ్ళీ వెళ్ళి అదే గోడకు తల ఆనించింది. ఈసారి దారిలో ఉన్న తొట్టిని గుద్దుకుని మోకాళ్ళ మీద పడింది, లేచి మళ్ళీ నడిచింది. అప్పుడు మందక్క వంగి దాని కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నిర్మలంగా ఉన్నాయి, రెప్ప మాత్రం కదల్లేదు. ఆ వెనకాల ఇంకో గొర్రె మెడ వెనక్కి విరుచుకుని కప్పు వైపు చూస్తోంది. మరొకటి, ఈ మధ్యే కొన్న కుర్ర గొర్రె, పక్కకు పడిపోయి కాళ్ళు కొట్టుకుంటోంది.

మనిషై పుట్టినందుకు అప్పుడైనా తొట్టిలోకి చూసుకోవాలి. మందక్క గోడ వైపు చూసింది.

"ఏ పాడు కన్ను పడిందో నా మంద మీద. పచ్చగా ఉంటే ఓర్వలేరు" అని గోడ అదిరేలా అరిచింది. ఇన్నేళ్ళుగా గోడ సందులో కన్ను పెట్టి చూసింది ఎవరమ్మా అని అడిగేవాళ్ళు లేకపోయారు. మొగుడు పరుగెత్తుకొచ్చి, గొర్రెలను చూసి, ఆ ఏటికి సరిపడా మాటలు ఒక్కసారే అన్నాడు.

"డాక్టరును పిలు."

"ఏ డాక్టరూ వద్దు. ఇది డాక్టరు పని కాదు, దిష్టి పని."

ఆ కేక విని చిన్నకోడలు చుట్టూ తిరిగి గేటు తీసుకుని వచ్చింది. తడి చేతులతో అలాగే వచ్చింది. పడిపోయిన గొర్రె తలను ఒళ్ళోకి తీసుకుంది, మూతి దగ్గరికి వంగింది, మొహం చిట్లించింది.

"అక్కా, ఒకటే కుళ్ళు వాసన."

"ఏమన్నావే? ఎవరికే కుళ్ళు?"

"అది కాదక్కా. గొర్రె నోట్లోంచి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నువ్వే చూడు."

మందక్క చూడలేదు. చూడక్కర్లేదు. ఆ వాసన ఆవిడకు రెండు రోజుల క్రితమే తెలుసు. ఏ మూలో ఎలుక చచ్చిందనుకుని కొట్టం కడిగింది కూడా. మొగుడు పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గో నవ్వో ఆయనకే తెలియాలి. చిన్నకోడలు ఫోను తీసి పశువుల డాక్టరును తనే పిలిచింది.

డాక్టరు రబ్బరు బూట్లు వేసుకుని వచ్చాడు. కంగారు మనిషి కాదు. నల్లచెవి కళ్ళలోకి చిన్న లైటు వేసి చూశాడు, చెయ్యి ఆడించాడు, కడుపు మీద చెవి గొట్టం పెట్టి విన్నాడు. లేచి మందక్క వైపు తిరిగాడు.

"ఏం పెడుతున్నారమ్మా వీటికి?"

"ఎప్పుడూ పెట్టేదే. గడ్డి, తవుడు."

"కొత్తగా ఏమైనా?"

"ఏమీ లేదు."

డాక్టరు పడిపోయిన గొర్రె వైపు చూశాడు. "చూడండమ్మా, మెదడు వాచింది. ఇది చాలా వాటివల్ల వస్తుంది. పాడైన మేత కావచ్చు, సీసం కావచ్చు, మెదడులో పురుగు కావచ్చు, గంధకం ఎక్కువై కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. తెలియకుండా సూది పొడిస్తే చీకట్లో బాణం వేసినట్టు. ఈ లోపల కారణం కడుపులోకి పోతూనే ఉంటే సూది ఏం చేస్తుంది? ఆ పడినది నిలవదు. నిలబడి ఉన్నవాటినైనా కాపాడుకోవాలంటే, ఏం తిన్నాయో నాకు చెప్పాలి."

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. చెప్పడమంటే ఏం చెప్పాలి? ఊరందరికీ గొర్రెల సంగతి చెప్పే మందక్క, మగ గొర్రెను పోల్చుకోలేని పిల్లను చూసి కాపీ కొట్టిందని చెప్పాలి. అది కూడా ఆ పిల్ల ముందే చెప్పాలి. నల్లచెవి మళ్ళీ తడుముకుంటూ వెళ్ళి గోడకు నుదురు ఆనించింది. గోడ పెచ్చు రాసుకుని దాని నుదుటి మీద రక్తపు చెమ్మ కనిపించింది. మందక్క కొంగుతో ఆ రక్తం అద్దింది.

చిన్నకోడలు ఈలోపు తొట్టి దగ్గరికి వెళ్ళింది. అంచుకు అంటుకున్న తవుడును గోటితో గీకింది. గోటి మీద పసుప్పచ్చటి పొడి. వాసన చూసింది. తలెత్తి మందక్క మొహం చూసింది, మళ్ళీ గోరు చూసుకుంది. తను అత్తగారితో అన్న మాట ఈ తొట్టిలోకి ఎలా చేరిందో ఒక్క నిమిషంలో ఆ పిల్లకు అర్థమైపోయింది. ఆ తర్వాత ఏం చేసిందనుకున్నారు? డాక్టరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"గంధకమే సార్. తప్పు నాది. నేనే అక్కకు సరిగ్గా చెప్పలేదు. పైన రాయమని చెప్పకుండా పట్టించమని అన్నాను."

ఇంకొకరైతే ఆ మాటకు కరిగి కాళ్ళు పట్టుకునేవాళ్ళు. మందక్క కరగలేదు, మండిపోయింది. ఉన్ని ఆ పిల్లదే, అత్తగారు ఆ పిల్ల వైపే, వర్తకుడు ఆ పిల్ల గుమ్మంలోనే. ఇప్పుడు మంచితనం కూడా ఆ పిల్లదే అయితే, ఈ కొట్టంలో తనకంటూ మిగిలిందేమిటి? ఆఖరికి తన తప్పు కూడా తనకు దక్కకుండా పట్టుకుపోతుందా?

"నీ తప్పేంటే మధ్యలో? నువ్వు నాకు ఎప్పుడు చెప్పావు? నేను నిన్ను ఎప్పుడు అడిగాను?" అంది. "డాక్టరు గారూ, ఈ పిల్ల ఏమీ చెప్పలేదు. నేనే. దీని గొర్రెల్ని చూసి కుళ్ళుకుని నేనే పెట్టాను. తవుడులో కలిపి, రెండు పూటలా, ఒక్కోదానికి రెండు గుప్పెళ్ళు. పైన బెల్లపు మడ్డి పోశాను. బావి నీళ్ళు పెట్టాను. నా తప్పు నాది. ఎవరికీ ఇవ్వను."

డాక్టరు అప్పటికే సంచి తెరిచి సూదులు తీస్తున్నాడు.

"నయం, ఇప్పటికైనా చెప్పారు" అన్నాడు. పని చేస్తూనే చెప్పుకుపోయాడు. గొర్రెకు గంధకం చిటికెడు కావాలి, అది మేతలోనే దొరుకుతుంది. అంతకు మించి పోతే కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విషవాయువుగా మారుస్తాయి. గొర్రె త్రేన్చినప్పుడు ఆ వాయువే పైకి వచ్చి, ఊపిరితో లోపలికి పోయి, రక్తంలో కలిసి మెదడును దెబ్బతీస్తుంది. ఆ కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. బెల్లపు మడ్డిలోనూ గంధకం ఉంటుంది. బావి నీళ్ళు నాలుక మీద వేసుకుని చూసి ఉమ్మేశాడు. "ఈ చేదు కూడా చాలావరకు అదే అయ్యుంటుంది. పరీక్షకు పంపుదాం. మీ గొర్రెలు ఎప్పటినుంచో అంచు మీద నడుస్తున్నాయమ్మా. మీరు తోశారు, అంతే. వాటి ఉన్ని అంత బాగా రాకపోవడానికి కూడా ఈ నీళ్ళే కారణం కావచ్చు. గంధకం ఎక్కువైతే ఒంట్లో రాగిని పని చెయ్యనివ్వదు. రాగి అందకపోతే ఉన్ని వంకీ పోయి తీగల్లా అయిపోతుంది. చూలు గొర్రెలకు పుట్టే పిల్లలు నడుము నిలవక తూలిపోతాయి. అలాగని రాగి కూడా మీ అంతట మీరు పెట్టకండి. గొర్రెకు రాగి ఎక్కువైనా విషమే."

బావి తన వాటాకు వచ్చిందని పొంగిపోయిన రోజు మందక్కకు గుర్తొచ్చింది.

నిలబడి ఉన్నవాటన్నిటికీ బి విటమిను సూదులు పడ్డాయి. కుర్ర గొర్రె మధ్యాహ్నానికి పోయింది. తవుడు పారబోశారు. మంచి ఎండుగడ్డి వేశారు. ఇక నీళ్ళు. బావి నీళ్ళు ముట్టించకూడదన్నాడు డాక్టరు. ఉన్నది ఒక్కటే దారి, చిన్నవాళ్ళ వాన నీళ్ళ తొట్టి. మందక్క నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాలేదు. సాయంత్రం అయ్యేసరికి చిన్నకోడలు రెండు బకెట్లతో గుమ్మంలో నిలబడింది.

మెల్లగా మంద తేరుకుంది. కప్పు వైపు చూసిన గొర్రె మెడ దించి గడ్డి కొరికింది. నల్లచెవి గోడను నెట్టడం మానేసింది. చూపు మాత్రం పూర్తిగా రాలేదు. వెలుగూ నీడా తెలుస్తున్నాయి, ఇంకా కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. అది చప్పుడును బట్టి బతకడం నేర్చుకుంది. నేర్చుకుంటే నేర్చుకుంది, చిన్నకోడలి అడుగుల చప్పుడు ఎందుకు నేర్చుకోవాలి? గేటు కిర్రుమనగానే నల్లచెవి చెవులు నిక్కించి అటు తిరిగేది. పక్కనే నిలబడి ఒళ్ళు నిమురుతున్న మందక్కను వదిలేసి, తడుముకుంటూ బకెట్ వైపు నడిచేది. మందక్కకు కడుపులో మళ్ళీ రాజుకునేది.

"చెప్పులు బయట విడిచి రా. చప్పుడుకు బెదురుతోంది" అంది ఒకరోజు.

చిన్నకోడలు చెప్పులు విడిచి వచ్చింది. నల్లచెవి అప్పుడు కూడా అటే తిరిగింది. ఏం చేస్తాం.

ఇంకో రోజు చిన్నకోడలు నీళ్ళు పోస్తూ, గోడ సందులోని గుడ్డముక్కను ఇటు నుంచి చూసి ఆగిపోయింది.

"ఈ గుడ్డ నేను కుక్కిందే అక్కా."

"నేను చూడకూడదని కాబోలు."

"కాదు. నేను చూస్తున్నట్టు నీకు తెలియకూడదని." ఆ పిల్ల తల వంచుకుంది. "వచ్చిన కొత్తలో అడిగితే వీధంతా నవ్వావు కదా. మళ్ళీ అడగబుద్ధి కాలేదు. గుడ్డ తీసి చూసేదాన్ని. నువ్వు గొర్రె వీపు మీద చెయ్యి ఎలా వేస్తావో, పిల్లను ఎలా ఎత్తుకుంటావో, ఏది ఎప్పుడు పెడతావో. నువ్వు చేసింది చేసినట్టు చేసేదాన్ని. నాకు ఇంకేం వచ్చు?"

చేదు నీళ్ళ వైపు తన చేతులు, మంచి నీళ్ళ వైపు అవే చేతుల కాపీ. లెక్క తేలిపోయింది. సంతోషించాలో తల బాదుకోవాలో మందక్కకు తెలియలేదు. "బకెట్ ఇలా ఇవ్వు, ఈ పూట నేను పెడతాను" అంది చివరికి.

బకెట్ చప్పుడుకు నల్లచెవి వచ్చింది. వచ్చి, మూతి నీళ్ళ మీద పెట్టలేదు. బకెట్ పక్క నుంచి తడుముకుంటూ దాటి, మందక్క పొట్టకు నుదురు ఆనించి నెట్టింది. గోడను నెట్టినట్టే నెడుతోంది. రోగం మళ్ళీ తిరగబెట్టిందనుకుంది మందక్క. బకెట్ వదిలేసి రెండు చేతులతో దాని తల పట్టుకుంది. అది నెట్టడం ఆపి, మూతితో ఆవిడ చేతులు వెతికింది. వెతికి వెతికి, బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. ముసలి గొర్రె, నోరు నిండా అరిగిన పళ్ళు, పాలు తాగే పిల్లలా కళ్ళు మూసుకుని చప్పరిస్తోంది.

మందక్క నేల మీద కూలబడింది. ఈసారి నిజంగా కళ్ళనీళ్ళతో ఏడ్చింది.

చిన్నకోడలు ఖాళీ బకెట్ పట్టుకుని చూస్తూ నిలబడింది. తన వేలు కూడా దాని మూతి దగ్గర పెట్టి చూసింది. నల్లచెవి వాసన చూసి మూతి తిప్పుకుంది.

"ఇన్నాళ్ళుగా నీళ్ళు పెడుతున్నాను, నా వేలు ఒక్కసారి కూడా పట్టుకోలేదక్కా" అంది.

మామూలుగానే అంది. కానీ ఆ మాట చివర సన్నగా, ఇంకెవరికీ తెలియనంత సన్నగా, కుళ్ళు వాసన వచ్చింది. ఆ వాసన మందక్కకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎన్నో ఏళ్ళుగా ఉడుకుతున్న కడుపు ఒక్కసారిగా చల్లబడింది. మొహం తుడుచుకుంది, వేలు మాత్రం తీసుకోలేదు.

"రేపు కూడా నీళ్ళు నువ్వే తీసుకురా" అంది. "వచ్చి కాసేపు నిలబడి చూడు."